మీ ప్రశ్నలు – జవాబులు: బస్సు దారి వెంట ఊరిని పెంచిన జైమె లెర్నర్

పోయిన సంచికలో బ్రెజిల్‌లోని కురిటిబా నగరం గురించి, దాన్ని తీర్చిదిద్దిన ప్లానర్ జైమె లెర్నర్ గురించి అరపేజీ పరిచయం వేశాం. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని మేం అనుకోలేదు. ఒకే విషయం అడిగినవాళ్ల ప్రశ్నలు కలిపేసి, వీలైనన్నిటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా సిలబస్‌లో లెర్నర్ పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది, అదీ బీఆర్టీ (రోడ్డు మీద బస్సులకే వేరే దారి ఇచ్చి నడిపే పద్ధతి) బస్సుల దగ్గర. ఇంతకీ ఆయన ఆర్కిటెక్టా, రాజకీయ నాయకుడా? ఎలా మొదలయ్యాడు?
*– ఆర్కిటెక్చర్ విద్యార్థిని*

రెండూనమ్మా. కాకపోతే ముందు ఆర్కిటెక్ట్, తర్వాత ప్లానర్, ఆ తర్వాతే మేయర్. ఈ వరస గుర్తుపెట్టుకుంటే ఆయన చేసిన చాలా పనులు సులువుగా అర్థమవుతాయి.

1937 డిసెంబరు 17న కురిటిబాలోనే పుట్టాడు. అమ్మానాన్నలు పోలెండ్ నుంచి వలస వచ్చిన యూదులు, రైల్వే స్టేషన్ నుంచి ఊళ్లోకి వచ్చే వీధిలో కొట్టు నడుపుకునేవాళ్లు. వచ్చేపోయే జనం, రకరకాల పనులు, రకరకాల మనుషులు ఉండే వీధి అది. వీధి అంటే ఏమిటో తనకు అక్కడే తెలిసిందని పెద్దయ్యాక చాలాసార్లు చెప్పుకున్నాడు. 1964లో పరానా ఫెడరల్ యూనివర్సిటీ నుంచి ఆర్కిటెక్చర్ పట్టా తీసుకున్నాడు.

ఆయన పట్టా చేతికొచ్చేసరికి ఊరి పరిస్థితి ఇదీ. 1943లో అల్‌ఫ్రెడ్ అగాష్ అనే ఫ్రెంచి ప్లానర్ కురిటిబాకి ఒక ప్లాన్ గీసి ఇచ్చాడు. విశాలమైన రోడ్లు, ఊరి నడిబొడ్డు నుంచి నలుదిక్కులకీ చీలే అవెన్యూలు, చుట్టూ వలయాలు. కాగితం మీద బాగానే ఉంది గానీ దాన్ని పూర్తిగా కట్టాలంటే బోలెడన్ని పాత భవనాలు కూల్చాలి, బోలెడంత డబ్బు పోయాలి. ఈలోగా పల్లెల నుంచి జనం వచ్చిపడుతున్నారు. దాంతో 1964–65లో కొత్త ప్లాన్ కోసం పోటీ పెట్టారు. సావ్ పావులోకి చెందిన జార్జ్ విల్‌హైమ్ బృందం గెలిచింది, స్థానికంగా ఉన్న కుర్ర ఆర్కిటెక్టులు, ఇంజినీర్లు వాళ్లతో కలిసి కూర్చుని పనిచేశారు. వాళ్లలో లెర్నర్ ఒకడు. ఆ పనిలోంచే 1965లో నగరానికి సొంతంగా ఒక ప్లానింగ్ సంస్థ పుట్టింది, దాన్ని అక్కడివాళ్లు ‘ఇప్పుక్’ అని పిలుస్తారు. లెర్నర్ కొన్నాళ్లు దానికి అధ్యక్షుడిగా కూడా చేశాడు. మాస్టర్ ప్లాన్ 1966లో చట్టమైంది. అయితే దాన్ని నేల మీదికి దించే పని జోరందుకున్నది మాత్రం 1971లో, ముప్పై మూడేళ్ల లెర్నర్ మేయర్ అయ్యాకే.

మిగతా జీవితం క్లుప్తంగా: మూడుసార్లు మేయర్ (1971–75, 1979–83, 1989–92), రెండుసార్లు పరానా రాష్ట్ర గవర్నర్ (1995 నుంచి 2002 చివరి దాకా), అంతర్జాతీయ ఆర్కిటెక్టుల సంఘానికి 2002–05 మధ్య అధ్యక్షుడు, ఆ తర్వాత సొంత ఆఫీసు, ఉపన్యాసాలు, ఇతర నగరాలకు సలహాలు. 2021 మే 27న కురిటిబాలోనే చనిపోయాడు.

ప్రశ్న: ఊళ్లోకెల్లా పెద్ద బజారు వీధిని మూడు రోజుల్లో కార్లకు మూసేశాడని రాశారు. నిజమేనా? వ్యాపారులతో మాట్లాడకుండా అలా చెయ్యడం దౌర్జన్యం కాదా?
*– ఒక దుకాణదారు*

నిజమేనండి. 1972 మే నెలలో జరిగింది. ఆ వీధి పేరు రువా కీన్జె, అంటే ‘పదిహేను నవంబరు వీధి’. ఊరి నడిమధ్యన ఉంటుంది. దాన్ని నడిచేవాళ్లకే వదిలెయ్యాలని ప్లాన్‌లో ఉంది. వ్యాపారులకు ససేమిరా ఇష్టం లేదు, కార్లు రాకపోతే బేరాలు రావని వాళ్ల భయం. పని ఎన్నాళ్లు పడుతుందని లెర్నర్ తన శాఖవాళ్లని అడిగితే నెలల లెక్క చెప్పారు. ఆయన దాన్ని తగ్గిస్తూ తగ్గిస్తూ 72 గంటలకు తెచ్చాడు. శుక్రవారం సాయంత్రం, కోర్టులు మూసేశాక, పలుగులు పట్టుకుని దిగారు. ఎవరైనా స్టే తెచ్చుకుందామన్నా సోమవారం దాకా కుదరదు. సోమవారం వచ్చేసరికి రాళ్లు పరిచేశారు, దీపస్తంభాలు నిలబెట్టారు, పూలమొక్కలు పెట్టేశారు.

తర్వాతి శనివారం కార్ల సంఘంవాళ్లు వరసకట్టి ఆ వీధిలోకి కార్లు తోలి తమ హక్కు నిలబెట్టుకుంటామన్నారు. లెర్నర్ పోలీసుల్ని పిలవలేదు. వీధి పొడుగునా పెద్ద పెద్ద కాగితాలు పరిపించి, పిల్లల్ని రప్పించి, రంగులిచ్చి బొమ్మలు వెయ్యమన్నాడు. నేల మీద బోర్లా పడుకుని బొమ్మలేసుకుంటున్న పిల్లల మీదికి కారు తోలే మొనగాడు ఎవడుంటాడు? వెనక్కి వెళ్లిపోయారు. జనం ఆ వీధికి అలవాటు పడ్డారు, అడుగు పెట్టేవాళ్లు పెరిగారు, బేరాలూ పెరిగాయి. అంతకుముందు వద్దన్న వ్యాపారులే తర్వాత మా వైపూ పొడిగించండని అడిగారు.

ఇక దౌర్జన్యమా అన్నదానికి నా మాట సూటిగా చెబుతాను. మీ కొట్టు ముందు రాత్రికి రాత్రి తవ్వేస్తే మీకు కోపం రావడం న్యాయం. కోర్టు తలుపులు మూసే వేళ చూసుకుని మొదలుపెట్టడం నాకూ నచ్చదు, ఎందుకంటే అదే ఎత్తు రేపు ఒక చెడ్డ మేయర్ చేతిలో పడితే ఇళ్లు కూల్చడానికి పనికొస్తుంది. కానీ ఒకటి చూడండి. అక్కడ వేసినవి రాళ్లు, దీపాలు, పూలకుండీలు. జనానికి నచ్చకపోతే మళ్లీ తీసేసి తారు పొయ్యొచ్చు. వెనక్కి తీసుకోగలిగిన పనిలోనే ఆయన అంత తొందరపడ్డాడు. ముందు మొదలుపెట్టాలి, తప్పులుంటే జనమే చెబుతారు, అప్పుడు దిద్దుకుందాం అనేది ఆయన పద్ధతి. ఫ్లైఓవర్ విషయంలో అలా అనలేం, ఒకసారి కట్టాక యాభై ఏళ్లు దాని కింద బతకాల్సిందే.

ప్రశ్న: బస్సుని మెట్రోలా నడపడం అంటే ఏమిటి? రోడ్డు మధ్యలో కంచె కట్టి బస్సుకి వదిలితే సరిపోతుందా? కాస్త విడమరిచి చెప్పండి.
*– చాలామంది అడిగారు*

సరిపోదు. కురిటిబాని చూసి వచ్చినవాళ్లలో చాలామంది కంచె దగ్గరే ఆగిపోయారు. అందుకే దీనికి కొంచెం పెద్ద జవాబే ఇస్తాను.

ముందు రోడ్డు సంగతి. ఊరి మధ్య నుంచి బయటికి ఒక పెద్ద దారి కావాలనుకోండి. మామూలుగా అయితే ఇళ్లు కొట్టేసి, అరవై మీటర్ల వెడల్పు రోడ్డు వేసి, బస్సుల్నీ కార్లనీ అందులోకే తోస్తారు. కురిటిబా ప్లానర్లు అప్పటికే ఉన్న మూడు సమాంతర వీధుల్ని ఒక జట్టుగా తీసుకున్నారు. నడిమి వీధిలో మధ్యన రెండు వరసలు బస్సులకే. వాటికి అటూ ఇటూ సన్నటి దారులు, అక్కడ ఆ వీధిలో ఇళ్లూ కొట్లూ ఉన్నవాళ్ల కార్లు నెమ్మదిగా వెళ్తాయి. ఎడమ పక్క ఒక వీధి అవతల ఊళ్లోకి వెళ్లే వన్‌వే, కుడి పక్క ఒక వీధి అవతల బయటికి వెళ్లే వన్‌వే. దూరం పోయే కార్లు వాటిలో పోతాయి. మూడు వీధులూ కలిపి ఒక పెద్ద అవెన్యూ పని చేస్తాయి, కూల్చివేతలు మాత్రం చాలా తక్కువ. ఇలాంటి దారులు ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర, బొకెయిరావ్ అనే పేట వైపు ఇంకొకటి, మొత్తం ఐదు. 1974లో ఉత్తర దక్షిణ దారిలో మొదటి ఎక్స్‌ప్రెస్ బస్సులు తిరిగాయి.

ఇప్పుడు అసలు కిటుకు. ఆ బస్సు దారికి రెండు పక్కలా మాత్రమే ఎత్తైన భవనాలకు అనుమతి ఇచ్చారు. కింది రెండు అంతస్తుల్లో కొట్లూ ఆఫీసులూ, పైన ఇళ్లు. దారి నుంచి దూరం జరిగే కొద్దీ ఎత్తు తగ్గుతూ పోతుంది, ఇంకా లోపలికి వెళ్తే మామూలు ఇళ్లే. అంటే ఎక్కువమంది జనం బస్సుకి నడక దూరంలోనే ఉండేలా ఊరు పెరిగింది. పొద్దున్న ఊళ్లోకి వెళ్లే జనం ఉంటారు, అదే టైమ్‌లో ఆ దారి మీదున్న కొట్లకీ ఆఫీసులకీ ఎదురు దిశలో వచ్చే జనమూ ఉంటారు. వెళ్లేటప్పుడు కిక్కిరిసి, వచ్చేటప్పుడు ఖాళీగా తిరిగే బాధ తగ్గుతుంది. రోడ్డు చట్టం, భూమి చట్టం, బస్సు ఈ మూడింటినీ ఒకే గదిలో ఒకే బృందం కూర్చుని రాసింది కాబట్టే ఇది కుదిరింది. రోడ్లు ఒక ఆఫీసు చేతిలో, భవనాల అనుమతులు ఇంకో ఆఫీసు చేతిలో, బస్సులు మూడో ఆఫీసు చేతిలో ఉండి, ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఊళ్లో ఎన్ని కంచెలు కట్టినా కురిటిబా రాదు.

బస్సు కూడా ఒక్క రోజులో పుట్టలేదు. మొదట మామూలు బస్సులే. 1980 నాటికి ఊరంతా ఒకే టికెట్ వచ్చింది, టెర్మినల్‌లో బస్సు మారితే మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. ఊరి చివర ఉండేవాళ్లు, అంటే ఎక్కువగా పేదవాళ్లు, దూరం ఎక్కువైనందుకు ఎక్కువ కట్టే బాధ తప్పింది. ఏ బస్సు ఏమిటో రంగుని బట్టే తెలుస్తుంది: ఎరుపు ఎక్స్‌ప్రెస్, నారింజ అయితే పేటల నుంచి టెర్మినల్‌కి చేర్చేది, ఆకుపచ్చ ఊరి మధ్యకి పోకుండా పేట నుంచి పేటకి తిరిగేది, వెండి రంగుది తక్కువ స్టాపులతో వేగంగా పోయేది.

1991లో గొట్టపు స్టాపులు వచ్చాయి. వాటి ఫొటో మీరు చూసే ఉంటారు, గాజూ ఉక్కూ కలిపి చేసిన పెద్ద గొట్టం, బస్సు లోపలి నేల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో నిలబెట్టినది. టికెట్ డబ్బు గొట్టంలోకి వచ్చేటప్పుడే కట్టేస్తారు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు పైకెక్కడానికి లిఫ్టు ఉంటుంది. బస్సు వచ్చి గొట్టం పక్కన ఆగగానే, బస్సు తలుపుల దగ్గర మడిచి ఉన్న పలకలు ఇటువైపు వాలి గొట్టం అంచు మీద కూర్చుంటాయి. మెట్లు లేవు, కండక్టర్ దగ్గర చిల్లర కోసం ఆగడం లేదు, అన్ని తలుపుల్లోంచీ ఒకేసారి జనం ఎక్కేస్తారు, దిగేస్తారు. మామూలు స్టాపులో ముసలివాళ్లు మెట్లెక్కి, జేబు తడుముకుని, చిల్లర తీసి ఇచ్చేదాకా వెనకున్న బస్సులన్నీ ఆగుతాయి కదా, ఆ సెకన్లన్నీ రోజంతా కూడితే ఎన్ని అదనపు బస్సుల ఖర్చు అవుతుందో ఆలోచించండి. 1992లో రెండు చోట్ల మడతపడే మూడు పెట్టెల బస్సులు వచ్చాయి. 25 మీటర్ల పొడవు, దాదాపు 270 మంది పడతారు. వోల్వో కంపెనీ వాటిని కురిటిబాలోనే తయారుచేసింది.

ఇంకో విషయం, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. బస్సులు ప్రైవేటు కంపెనీలవి. టికెట్ డబ్బు అంతా నగర సంస్థ నడిపే ఉమ్మడి ఖాతాలోకి పోయేది. కంపెనీలకు ఎంతమందిని ఎక్కించారని కాకుండా ఎన్ని కిలోమీటర్లు తిప్పారని లెక్కగట్టి ఇచ్చేవాళ్లు. తలకింత అని ఇస్తే బస్సులన్నీ జనం ఎక్కువున్న రూట్ల మీదే ఎగబడి ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి, ఊరి చివరి పేటకు వెళ్లే దిక్కుండదు. కిలోమీటరు లెక్కన ఇచ్చేసరికి ఖాళీ రూట్లలో కూడా టైముకి బస్సు తిరిగింది.

ప్రశ్న: అప్పుడు బ్రెజిల్‌లో సైనిక పాలన. ఆయన ఎన్నికైన మేయర్ కూడా కాదు. అడిగేవాడు లేడు కాబట్టే ఇదంతా చెయ్యగలిగాడు, అంతేగా?
*– రిటైర్డ్ చరిత్ర అధ్యాపకుడు*

మాస్టారూ, మీ ప్రశ్నలో నిజం చాలా ఉంది. 1964 నుంచి 1985 దాకా బ్రెజిల్ సైనికుల చేతిలోనే ఉంది. కురిటిబా లాంటి రాష్ట్ర రాజధానుల మేయర్లని జనం ఎన్నుకోలేదు, గవర్నర్లు నియమించారు. లెర్నర్ మొదటి రెండు విడతలూ అలా వచ్చినవే. ఎదురుచెప్పే కౌన్సిల్ బలంగా లేదు, పత్రికలకు నోరు లేదు. ఆ 72 గంటల వీధి కథ అంత హాయిగా నడవడంలో ఈ సంగతికి పెద్ద వాటా ఉంది. ఆయన్ని మెచ్చుకునేవాళ్లు చాలామంది ఈ భాగాన్ని దాటవేస్తారు, అలా దాటవేయడం తప్పు.

అయితే “అంతేగా” అన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. ఆ రోజుల్లో బ్రెజిల్‌లో నియమించబడ్డ మేయర్లు కురిటిబాలో ఒక్కచోటే లేరు. సైనికుల చల్లని చూపు అందరికీ ఉంది, కానీ మిగతా పెద్ద నగరాల్లో ఆ కాలంలో వచ్చినవి ఎక్కువగా ఫ్లైఓవర్లూ కార్ల రోడ్లే. అధికారం ఒక్కటే చాలేదైతే దేశమంతా కురిటిబాలే ఉండాలి.

రెండో సంగతి, ప్రజాస్వామ్యం వచ్చాక ఆయన జనం ముందుకి వెళ్లాడు. 1985లో మేయర్ ఎన్నికల్లో రొబెర్తో రెకియావ్ చేతిలో ఓడిపోయాడు. మళ్లీ 1988లో, పోలింగ్‌కి పన్నెండు రోజులు మాత్రమే ఉందనగా బరిలోకి దిగి గెలిచాడు. గొట్టపు స్టాపులు, మూడు పెట్టెల బస్సులు, చెత్త పథకాలు, ఇప్పుడు ప్రపంచమంతా చెప్పుకునేవి చాలావరకు ఈ మూడో విడతలోనివే, అంటే ఓట్లతో వచ్చినప్పటివే.

మూడోది ఇప్పుక్. మేయర్లు మారినా ఆ సంస్థ మారలేదు, అందులో పనిచేసినవాళ్లే బయటికొచ్చి మేయర్లయ్యారు, ప్లాన్ అలమరలోకి పోకుండా దశాబ్దాలపాటు ఎవరో ఒకరు చేతపట్టుకునే ఉన్నారు. లెర్నర్ చేసిన పనుల్లో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది ఈ సంస్థ నిలబడటానికి ఇచ్చిన ఊతాన్ని.

ప్రశ్న: చెత్త ఇస్తే కూరగాయలు ఇస్తారట, ఎలా?
*– ఒక గృహిణి*

కొండవాలుల్లో, వాగుల పక్కన ఉండే పేదల బస్తీల్లోకి చెత్త బండి దూరదు, సందులు అంత ఇరుకు. చెత్త అక్కడే కుళ్లిపోతే ఎలుకలు, రోగాలు. బండి లోపలికి వెళ్లలేనప్పుడు చెత్తనే బండి దగ్గరికి రప్పిద్దామనుకున్నారు. సంచి నిండా చెత్త తెచ్చి బండి దగ్గర ఇస్తే బదులుగా బస్సు టికెట్లు, తర్వాత తిండి సరుకులు ఇచ్చారు. ఇది 1989లో మొదలైంది. 1991లో ‘పచ్చ మారకం’ వచ్చింది: పనికొచ్చే చెత్త, అంటే కాగితం, ప్లాస్టిక్, గాజు, లోహం లాంటివి నాలుగు కిలోలు తెస్తే ఒక కిలో కూరగాయలో పండ్లో. ఆ కూరలు చుట్టుపక్కల చిన్న రైతుల దగ్గర అమ్ముడుపోకుండా మిగిలిన పంట. రైతుకి బేరం, పేదింటికి కూర, వాగుకి శుభ్రత.

మిగతా ఊరికి 1989లోనే ‘చెత్త కాని చెత్త’ అని ఇంకో పథకం పెట్టారు. తడీ పొడీ ఇంట్లోనే విడదీసి ఇవ్వాలి. ముందు బడి పిల్లలకు నేర్పించారు, ఆకుల వేషంలో ఉండే బొమ్మల కుటుంబం ఒకటి దీని కోసమే బడులకు తిరిగేది. పిల్లలు ఇంటికెళ్లి అమ్మానాన్నల వెంటపడ్డారు. ఇంట్లో పిల్లలున్న ఎవరికైనా ఇది ఎంత గట్టిగా పనిచేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: పార్కుల్లో గడ్డి కోయడానికి గొర్రెల్ని పెట్టారని విన్నాను.
*– ఓ డిగ్రీ విద్యార్థి*

పెట్టారు. మిషన్లకూ పెట్రోలుకూ ఖర్చు తగ్గింది, పిల్లలకు చూడ్డానికి సరదా. కానీ అంతకంటే పెద్ద సంగతి పార్కులు అక్కడే ఎందుకొచ్చాయన్నది. కురిటిబాకి వరదల బెడద ఉండేది. వాగుల్ని కాంక్రీటు కాలవల్లో బిగించడానికి బదులు, నీళ్లు ఎక్కే పల్లపు భూముల్ని నగరమే తీసుకుని, చెరువులు తవ్వి, చుట్టూ పార్కులు వేసింది. 1972లో తెరిచిన బరిగీ పార్కు అలాంటిదే. వాన ఎక్కువైతే చెరువు నిండుతుంది, తర్వాత తగ్గుతుంది, ఇళ్లలోకి మాత్రం రాదు. ఆ పల్లంలో ఎవరూ గుడిసెలు వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకోకుండా కూడా ఆగింది.

పాతవాటిని పారెయ్యకుండా వాడుకోవడం కూడా ఆయనకు బాగా ఇష్టం. పాత మందుగుండు గిడ్డంగిని 1971లో నాటకశాల చేశారు. రాళ్లు తవ్వేసి వదిలేసిన గని గుంటలో నీళ్లూ కొండా అలాగే ఉంచి, ఉక్కు గొట్టాలతో, గాజుతో ఒక ఒపేరా హాలు కట్టారు, అది 1992లో. కాలం చెల్లిన బస్సుల్ని పేటల్లో పనులు నేర్పే తరగతి గదులుగా మార్చారు. కొత్త ఆలోచన కావాలంటే బడ్జెట్‌లో ఒక సున్నా కొట్టెయ్యండి అని ఆయన అనేవాడు.

ప్రశ్న: ఇప్పుడు అక్కడ బస్సులెక్కేవాళ్లు తగ్గిపోయి కార్లు పెరిగాయని చదివాను. అంటే ఆయన మోడల్ ఫెయిలైనట్టేనా? పొగడ్తలే రాస్తున్నారు, రెండో వైపు కూడా రాయండి.
*– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి*

రాయాల్సిందే. కురిటిబా బ్రెజిల్‌లో జనాభాతో పోలిస్తే కార్లు బాగా ఎక్కువున్న రాజధానుల్లో ఒకటి. బస్సులెక్కేవాళ్లు తగ్గిన మాటా నిజం. మెట్రో కడతామని పదేపదే ప్రకటించారు, కట్టలేదు. రద్దీ టైమ్‌లో ఎర్ర బస్సులో కాలు పెట్టే చోటుండదు. జనం దగ్గర డబ్బు పెరిగింది, కార్లు కొనడం సులువైంది, టికెట్ ధర పెరిగింది, నడిరోడ్డు మీద బస్సు మోయగలిగినంత మోసేసింది.

కానీ నన్ను ఇంతకన్నా కలవరపెట్టే లోపం ఇంకొకటుంది. అది ఆయన విజయంలోంచే పుట్టింది. బస్సు దారి పక్కన మాత్రమే పెద్ద భవనాలు కట్టొచ్చంటే ఆ భూమి ధర ఏమవుతుంది? ఆకాశానికంటుతుంది. ఆ అపార్టుమెంట్లలోకి ఎవరొస్తారు? డబ్బున్న మధ్యతరగతి, వాళ్లలో చాలామందికి కారూ ఉంటుంది. బస్సు మీదే బతికే పేదవాడు ఆ దారి నుంచి దూరంగా, చాలాసార్లు నగర సరిహద్దు దాటి పక్క మునిసిపాలిటీల్లోకి పోయాడు. లెర్నర్ బృందానికి ఇది అసలు తెలియదనడం అన్యాయం, దారులు వెయ్యకముందే కొంత భూమి కొని తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లకు కేటాయించారు. అది చాలలేదు. 1970లో ఆరు లక్షల చిల్లర ఉన్న ఊరు 2022 లెక్కల్లో 17.7 లక్షలకు చేరింది, చుట్టుపక్కల మునిసిపాలిటీలతో కలిపితే 30 లక్షలకు పైనే. ప్లాన్ మాత్రం నగర సరిహద్దు లోపలి ఊరి కోసం గీసింది. బయటి బస్తీల్లో చాలాచోట్ల డ్రైనేజీ లేక, వాళ్ల మురుగు వెళ్లి ఇగువాసు నదిలో చేరింది. ఫొటోల్లో కనిపించే కురిటిబా ఒకటి, వాళ్లుండే కురిటిబా ఇంకొకటి.

గవర్నర్‌గా ఆయనకు మేయర్‌గా వచ్చినంత పేరు రాలేదు. రెనో కార్ల ఫ్యాక్టరీని కురిటిబా పక్కకి తెచ్చాడు, ఉద్యోగాలొచ్చాయి. రాష్ట్ర రహదారులను టోల్ కంపెనీలకు అప్పగించాడు, రాష్ట్ర బ్యాంకు 2000లో ప్రైవేటు చేతికి పోయింది. ఈ రెండింటి మీదా ఆయన ఉన్నన్నాళ్లూ, పోయాక కూడా విమర్శలు ఆగలేదు. భూమి లేని పేద రైతుల ఉద్యమంతోనూ ఆయన ప్రభుత్వానికి గట్టి గొడవలే జరిగాయి. వీధి స్థాయిలో అంత సూటిగా ఆలోచించిన మనిషి రాష్ట్ర స్థాయిలో అదే చూపు ఎందుకు చూపలేకపోయాడన్నది చర్చించాల్సిన విషయమే.

ఫెయిలైందా అని అడిగారు. ఫెయిలైన దాన్ని ఎవరూ అరువు తెచ్చుకోరు. కొలంబియాలోని బొగొటా నగరం ఆ పద్ధతినే పెంచి 2000 చివర్లో ట్రాన్స్‌మిలేనియో అనే బస్సు వ్యవస్థ మొదలుపెట్టింది, ఆ తర్వాత ఎన్నో దేశాల్లో బీఆర్టీలు వచ్చాయి. వాటిలో బాగున్నవి ఎక్కడైనా సరే బస్సునీ భూమినీ కలిపి చూసినవే. కురిటిబాలో మిగిలిపోయిన పని కూడా అక్కడే ఉంది: దారి పక్కన పెరిగిన భూమి విలువలోంచి ఎంతోకొంత తీసి, అదే దారి పక్కన పేదవాడికి ఇల్లు ఇవ్వాలి. ఆ పని అప్పుడే చట్టంలో గట్టిగా రాసి ఉంటే ఈ రోజు మీ ప్రశ్న వేరేగా ఉండేది.

ప్రశ్న: ‘నగర ఆక్యుపంక్చర్’ అంటే?
*– ఇద్దరు ముగ్గురు అడిగారు*

ఆ పేరుతో ఆయన 2003లో ఒక పుస్తకం రాశాడు. పెద్ద ప్లాన్ పూర్తవడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, ఈలోగా ఊరు నీరసించిపోకుండా సరైన చోట ఒక చిన్న పని చేస్తే దాని చుట్టూ ఉన్నదంతా కోలుకుంటుందని ఆయన నమ్మకం. వదిలేసిన గని గుంటలో హాలు, మూసేసిన వీధి, అవన్నీ అలాంటి సూదిపోట్లే. ఒక్క జాగ్రత్త: పెద్ద ప్లాన్ ఉన్న ఊళ్లోనే సూది పనిచేస్తుంది. ప్లాన్ లేకుండా అక్కడో పార్కు, ఇక్కడో విగ్రహం పెట్టి ఇది లెర్నర్ పద్ధతి అనే మేయర్లు చాలామంది ఉన్నారు, వాళ్ల మాట నమ్మకండి.

ప్రశ్న: మా అబ్బాయి బ్రెజిల్‌లో ఉద్యోగానికి వెళ్తున్నాడు. కురిటిబా వెళ్తే ముందు ఏం చూడమంటారు?
*– ఓ తండ్రి*

బొటానికల్ గార్డెన్, ఒపేరా హాలు ఎవరైనా చూపిస్తారండి, అవి తర్వాత. ముందు ఒక గొట్టపు స్టాపు దగ్గరికి వెళ్లి ఓ పావుగంట పక్కన నిలబడమనండి, బస్సు ఆగి కదలడానికి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెట్టుకోమనండి. తర్వాత ఎర్ర బస్సెక్కి చివరి టెర్మినల్ దాకా పోవాలి, దారిలో కిటికీలోంచి భవనాల ఎత్తు చూస్తూ ఉండాలి. వచ్చేటప్పుడు మధ్యలో ఎక్కడైనా దిగి, బస్సు దారికి అడ్డంగా ఓ నాలుగు వీధులు నడిస్తే, ఇరవై అంతస్తుల నుంచి ఒక అంతస్తుకి ఊరు ఎలా దిగుతుందో కాళ్లకే తెలుస్తుంది. టెర్మినల్‌లో నారింజ బస్సు మారి ఊరి చివరి పేటకి కూడా వెళ్లమనండి, అది చూడకపోతే సగమే చూసినట్టు. రద్దీ టైమ్‌లో మాత్రం బ్యాగు ముందువైపు వేసుకోమని చెప్పండి.